పద్దెనిమిది గుడ్లు పెడితే ఐదే పిల్లలు!

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. ఏప్రిల్‌లో మా నాటుపెట్ట పొదుగుకి కూర్చుంటే, మూడు వారాలుగా దాచిన గుడ్లు పద్దెనిమిది పెట్టాను. ఐదే పిల్లలయ్యాయి, మిగతావన్నీ మురిగిపోయాయి. ఉరుములకే అలా అయిందంటోంది మా అత్త. పెట్టను అమ్మేయమంటారా?

జవాబు: పెట్టనేమీ అనకండమ్మా, 21 రోజులు సరిగ్గా తిండి కూడా తినకుండా కూర్చుంది పాపం. ఉరుముల భయానికి గంపలో ఇనుప ముక్కో బొగ్గో వేస్తారు, వేసుకోండి, నష్టమేం లేదు, అత్తగారికీ టెన్షన్ ఉండదు. కానీ గుడ్లను పాడుచేసింది ఎండ. వేసవిలో గది వేడికే లోపలి పిండం కాస్త ఎదిగి, సగంలో ఆగి చచ్చిపోతుంది. మూడు వారాల గుడ్లు కూర వండుకోవడానికే అనుమానం, ఇంక పొదుగుకేం పనికొస్తాయి! గుడ్డు పెట్టిన రోజే దాని మీద పెన్సిల్‌తో తేదీ రాసి, చల్లటి మూల ఇసుక కుండలో ఉంచండి, ఎండాకాలంలో నాలుగైదు రోజులు దాటినవి వద్దు. కడగొద్దు కూడా.

పద్దెనిమిదీ ఎక్కువే. నాటుపెట్ట రెక్కల కింద పది, పన్నెండుకి మించి ఇమడవు, అంచునున్నవి చల్లబడిపోతాయి.

ఇంకోటి, మీ ఉత్తరంలో పుంజు మాటే లేదు. సంక్రాంతికి కోసేశారా? ఐదు పిల్లలొచ్చాయంటే పక్కింటి పుంజు ఏదో మీ పెరట్లో తిరుగుతున్నట్టే! ఎనిమిది, పది పెట్టలకి ఒక పుంజు చాలు, కాకపోతే మీ ఇంట్లో పుట్టింది కాకుండా బయటినుంచి తెచ్చుకోండి.

ఈసారి ఏడో రోజు రాత్రి గదిలో లైటు ఆర్పేసి, సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు లావు వైపు ఆనించి చూడండి. సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు, ఖాళీగా వెలిగిపోతుంటే తీసేయండి. గంపలో గడ్డి కింద కాస్త బూడిద చల్లితే పేలు పట్టవు, పేలు పడితే పెట్ట గుడ్ల మీద నిలవదు.

పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చాక కంగారుపడి వెంటనే నూకలు వేయక్కర్లేదు, కడుపులో పచ్చసొన ఉంటుంది, ఒక రోజు ఆగుతాయి. ఐదు నుంచి ఏడు రోజుల్లోపు కొక్కెర తెగులు రాకుండా లసోటా అనే టీకా చుక్క కంట్లో వేయించండి. ఒక్కో సీసాలో వంద, ఇంకా ఎక్కువ డోసులు కూడా ఉంటాయి, కలిపాక ఎక్కువసేపు నిలవ ఉండదు, కాబట్టి మీ వీధిలో పిల్లలున్న వాళ్లంతా ఒకే రోజు కలిసి వేయించుకోండి, సీసాని మాత్రం ఐస్‌లో పెట్టి తెచ్చుకోవాలి.