టేకు చేప గాలానికి పడితే నోటికన్నా ముందు తోక సంగతి చూడండి

భీమిలి ఒడ్డున గాలం వేస్తే పళ్లెమంత టేకు చేప (బల్లపరుపు ఒళ్లు, తోక మీద విషపు ముల్లు ఉండే స్టింగ్‌రే) పడిందనీ, తోక ఆడించడం చూసి భయపడి తాడు కోసేసి వచ్చేశాననీ రాశారు. మళ్లీ పడితే గాలం ఎలా విప్పాలి, ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలి అని అడిగారు. మీరు భయపడటంలో తప్పేమీ లేదు. గోస్తని నది సముద్రంలో కలిసే ఆ చోటే నేనూ పన్నెండేళ్లుగా గాలం వేస్తున్నాను. ఒకసారి ఆ ముల్లు దెబ్బ కూడా తిన్నాను.

పడింది టేకు అని ఒడ్డుకు రాకముందే పోల్చుకోవచ్చు. రొయ్య ఎరను అందుకుని కాస్త దూరం లాగుతుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. గాలం రాతికి తగులుకుందేమో అనిపిస్తుంది. నిజానికి అది ఒళ్లంతా పరుచుకుని ఇసుకకు అంటుకుపోయి ఉంటుంది. అప్పుడు గుంజితే తాడు తెగుతుంది. తాడును బిగువుగా పట్టుకుని, వీణ తీగ మీటినట్టు వేలితో మీటుతూ ఉండండి. కాసేపటికి అదే లేస్తుంది. లేచాక అల వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా తడి ఇసుక మీదికి తెచ్చుకోండి. మీరు మాత్రం నీళ్లలోకి దిగి ఎదురు వెళ్లకండి.

చాలామంది తోక చివరను చూసి జాగ్రత్త పడతారు. ముల్లు ఉండేది చివర కాదు, తోక పైభాగాన, ఒంటికి ఇంకా దగ్గరగా. ఒక్కోదానికి రెండు కూడా ఉంటాయి. రెండు అంచులా రంపపు పళ్లు వెనక్కి తిరిగి ఉంటాయి కాబట్టి దిగేటప్పటికన్నా బయటికి వచ్చేటప్పుడే కండను ఎక్కువగా చీలుస్తుంది. ముల్లు మీద పలుచని తొడుగు, అడుగున పొడవాటి గాడుల్లో విషం. టేకు మన మీదికి వచ్చి కుట్టదు. తొక్కినా, పట్టుకున్నా తోకను వీపు మీదుగా ముందుకు విసురుతుంది. అందుకే వీపు మీదికి చెయ్యి చాచకూడదు.

నేను చేసే పద్ధతి ఇది. చేపను గాలిలోకి ఎత్తను. తడిపిన గోనెసంచిని నాలుగు మడతలు వేసి తోక మీద కప్పి, తోడు వచ్చినవారిని పొడవాటి కర్రతో సంచి మీద అదిమి పట్టమంటాను. తల వైపు నేను కూర్చుని తాడును కొద్దిగా పైకి లాగుతాను. నోరు అడుగున ఉంటుంది కాబట్టి తల లేస్తేనే గాలం కనబడుతుంది. పొడుగు ముక్కు పటకారుతో విప్పేస్తాను. గాలం మొనకు ఉండే ఎదురు ముల్లును ముందే పటకారుతో నొక్కి చదును చేసుకుంటే ఒక్క తిప్పుకే వస్తుంది. గొంతులోకి మింగేసి ఉంటే మాత్రం కెలకకుండా నోటి దగ్గర తాడు కత్తిరించండి. కళ్ల వెనక ఉన్న రెండు రంధ్రాలు పట్టుకోవడానికి వీలుగా కనిపిస్తాయి, కానీ అవి మొప్పలకు నీరు వెళ్లే దారులు. వాటిలో వేళ్లు పెట్టకండి. వదిలేయబోయే చేప తోక నరకడం మరీ అన్యాయం. ముల్లు విరిగితే మళ్లీ వస్తుంది, తోక రాదు.

ఇక నాకు తగిలిన దెబ్బ. అదీ పళ్లెమంత చేపే. కదలడం లేదు, చచ్చిపోయిందనుకుని తోక మీద గోనెసంచి కప్పకుండానే గాలం విప్పబోయాను. ఎడమ చేతి బొటనవేలి కింద దిగింది. చచ్చిన టేకు ముల్లులోనూ విషం ఉంటుందని తెలిసీ చేసిన పని అది. నిమిషాల్లో నొప్పి మోచేయి దాటింది, ఒళ్లంతా చెమటలు పట్టాయి. స్నేహితుడు ఐసు కోసం పరుగెత్తబోతుంటే, పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఆపారు. "ఐసు కాదు బాబూ, వేడినీళ్లు" అన్నారు. టీ కొట్టు నుంచి బకెట్‌లో వేడినీళ్లు తెచ్చి, చన్నీళ్లు కలిపి, ముందు తన చెయ్యి పెట్టి చూసి, తర్వాత నా చెయ్యి ముంచారు. పది నిమిషాలకు నొప్పి దిగడం మొదలైంది. ఆ విషం ప్రొటీను, వేడికి చెడిపోతుంది. నీళ్లు సుమారు 45 డిగ్రీలు ఉండాలి, అరగంట నుంచి గంటన్నర దాకా చల్లారకుండా మార్చుకోవాలి. వేడిని దెబ్బ తగలని చేత్తోనే చూడాలి, నొప్పిలో ఉన్న చేతికి కాలినా తెలియదు.

నొప్పి తగ్గిందని ఇంటికి వెళ్లిపోకండి. తొడుగు ముక్కలు, ముల్లు పళ్లు లోపల ఉండిపోతే పుండు చీము పడుతుంది. నాకు డాక్టరు ఎక్స్‌రే తీయించి, గాయం కడిగి చిన్న ముక్క తీశారు, ధనుర్వాతం ఇంజెక్షన్ ఇచ్చారు. ముల్లు ఛాతీలోనో, పొట్టలోనో, మెడలోనో దిగితే మాత్రం అసలు లాగకండి, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటివి చాలా అరుదు గానీ, 2006 సెప్టెంబరు 4న ఆస్ట్రేలియాలో, టీవీలో జంతువుల కార్యక్రమాలు చేసే స్టీవ్ ఇర్విన్ ప్రాణం పోయింది ఛాతీలో దిగిన టేకు ముల్లుతోనే.

మోకాలి లోతు నీళ్లలో నిలబడి గాలం వేసే అలవాటుంటే అడుగులు ఎత్తి వేయకుండా ఇసుకలో పాదాలు ఈడుస్తూ నడవండి. ఆ కదలికకు టేకు ముందే తప్పుకుంటుంది.

ఇంకో మాట. పొట్ట ఉబ్బెత్తుగా ఉన్న టేకు పడితే ఇసుక మీదికి లాగవద్దు, నీళ్లలోనే తాడు కోసేయండి. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. బెదిరితే నెలలు నిండకుండానే ఈనేస్తుంది. నేను ఒకసారి చూశాను. రెక్కలు తమలపాకు చుట్టినట్టు చుట్టుకుని రెండు పిల్లలు తడి ఇసుక మీద పడ్డాయి. వాటికీ అప్పటికే బుల్లి ముల్లు ఉంది. చేటలోకి ఎత్తి అల వెనక్కి మళ్లేటప్పుడు వదిలాను. ఒకటి రెక్కలు విప్పుకుని వెళ్లింది, రెండోది వెళ్లలేదు.