ఏడాదికి కట్టేశాం, నెట్ మాత్రం రావడం లేదు: ఆగాలా, మారాలా?

ప్రశ్న: మాది మధురవాడ. హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి నేను ఇంటినుంచే పని చేస్తాను. ఏప్రిల్‌లో మావారి పేరు మీద 100 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్ తీసుకుని, 12 నెలలకు ఒకేసారి జీఎస్టీతో కలిపి రూ.8,496 కట్టాం. నెలనెలా కడితే రూ.825 పడేది. జులై, ఆగస్టు రెండు నెలల్లో కలిపి 19 రోజులు నెట్ లేదు. ఆరుసార్లు ఫిర్యాదు చేశాను. ఆరుసార్లూ ఏమీ బాగవకుండానే 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ వచ్చింది. ఈ రెండు నెలల్లో ఫోన్ డేటా ప్యాక్‌లకు రూ.1,100 అయింది, ఒక రోజు జీతం రూ.1,600 కోత పడింది. ఇంకో కంపెనీ వాళ్లు ఆరు నెలలకు కడితే ఇన్‌స్టలేషన్ ఫ్రీ అంటున్నారు. నెలనెలా అయితే రూ.707, మొదట్లో ఇన్‌స్టలేషన్‌కు రూ.1,000 కట్టాలట. మావారేమో 'ఇంకా ఏడు నెలల డబ్బు అక్కడ ఉంది, అది అయ్యేదాకా ఓపిక పట్టు' అంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు మీవారి మాటే తీసుకుందాం, ఎందుకంటే చాలా ఇళ్లల్లో వినిపించే మాటే అది. ఏడు నెలలకు మిగిలింది రూ.4,956. ఆ డబ్బు మీరు ఆ కంపెనీలోనే ఉన్నా, బయటికి వచ్చేసినా ఇప్పటికైతే మీ చేతిలో లేదు. కాబట్టి దాన్ని కాసేపు లెక్కలోంచి తీసేయండి. రీఫండ్ సంగతి వేరుగా చూద్దాం. ఇక్కడినుంచి మీ జేబులోంచి కొత్తగా పోయేది ఎంత అన్నదే అసలు లెక్క.

రెండు నెలల్లో మీకు రూ.2,700 పోయింది, అంటే నెలకు రూ.1,350. ఇదే తీరు ఏడు నెలలు సాగితే రూ.9,450. కొత్త కనెక్షన్ నెలనెలా తీసుకుంటే ఏడు నెలలకు రూ.4,949, ఇన్‌స్టలేషన్ రూ.1,000 కలిపి రూ.5,949. పాత కంపెనీ ఒక్క రూపాయి వెనక్కి ఇవ్వకపోయినా మారితేనే మీకు మూడున్నర వేలు మిగులుతుంది. కొత్త ఖర్చును ఏడు నెలలకు పంచితే నెలకు రూ.850 పడుతుంది. మీ నష్టం నెలకు అంతకన్నా తక్కువకు దిగితే మీవారి మాటే రైటు. దిగుతుందా అంటే, నాకు నమ్మకం లేదు. మీ ముందున్నది అక్టోబరు, నవంబరు. విశాఖలో తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, కరెంటూ ఫోనూ ఒకేసారి పోయి ఊరు మూగబోయింది. మామూలు వానకే 19 రోజులు పడుకున్న లైను తుపానుకు లేచి కూర్చుంటుందని అనుకోలేం.

ఇంకో లెక్క కూడా చూడండి. ఏడాదికి కట్టి మీరు మిగుల్చుకున్నది ఎంత? నెలనెలా అయితే రూ.9,900 అయ్యేది, మీరు కట్టింది రూ.8,496. మిగులు రూ.1,404, అంటే నెలకు రూ.117. ఆ 117 రూపాయల కోసం మీరు అమ్ముకున్నది 'నచ్చకపోతే పోతాను' అనే మాటని. నెలనెలా కట్టేవాడు ఫోన్ చేస్తే వచ్చే నెల డబ్బు పోతుందేమోనని కంపెనీకి కాస్తయినా భయం ఉంటుంది. ఏడాది డబ్బు ముందే చేతిలో పడ్డాక ఆ భయం ఎందుకుంటుంది? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. సెల్‌ఫోన్‌కైతే నంబరు మారకుండా కంపెనీ మారే పోర్టింగ్ సదుపాయం ఉంది. ఇంటి ఇంటర్నెట్‌కి అలాంటిది లేదు. పాతది తీసేయాలి, కొత్తది పెట్టుకోవాలి, మధ్యలో తిప్పలు మనవే. అందుకే ఇక్కడ ముందు చెల్లింపు ఇంకా బరువుగా కూర్చుంటుంది.

కాబట్టి కొత్త కంపెనీ ఇస్తున్న 'ఆరు నెలలకు ఇన్‌స్టలేషన్ ఫ్రీ' కూడా నేనైతే తీసుకోను. ఆ వెయ్యి కట్టి నెలనెలా తీసుకోండి. మూడు నెలలు బాగా నడిచాక, అప్పుడు ఆరు నెలల ప్యాక్ గురించి ఆలోచించవచ్చు. వెయ్యి రూపాయలు ఊరికే పోతున్నట్టు అనిపిస్తుంది, నిజమే. కానీ ఒకే పొరపాటుకు రెండోసారి రూ.4,242 ముందే కట్టడం కన్నా అది చవకే.

అయితే మారే ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. జబ్బు లైనుదా, ఇంట్లోదా? నెట్ పోయినప్పుడు కంపెనీ ఇచ్చిన బాక్సు మీద 'లాస్' (ఇంగ్లిషులో ఎల్ఓఎస్) అని రాసి ఉన్న దీపం చూడండి. అది ఎర్రగా మెరుస్తుంటే బయటినుంచి వెలుతురు సిగ్నల్ మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. తీగ తెగిందో, వంగిందో, జాయింటు ఊడిందో. అది వాళ్ల పని. ఆ దీపం మామూలుగానే ఉండి నెట్ నత్తనడక నడుస్తుంటే, ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి పెట్టి చూడండి. కేబుల్‌తో బాగా వచ్చి వైఫైలో రాకపోతే తప్పు గోడలది. రౌటర్ హాల్లో టీవీ వెనక ఉండి, మీరు రెండు గోడల అవతల గదిలో కూర్చుంటే ఏ కంపెనీ అయినా అంతే. ఐదు గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి బాగా నీరసపడుతుంది. మీరు రాసినదాన్ని బట్టి, రోజుల తరబడి పూర్తిగా లేదంటున్నారు కాబట్టి మీది లైను జబ్బే అయి ఉంటుంది. అయినా చూడండి.

తర్వాత వీధిలోకి వెళ్లి ఒకసారి తల ఎత్తి చూడండి. స్తంభాల మీద, చెట్టు కొమ్మల మీద, మేడల పిట్టగోడల మీద వేలాడే నల్ల తీగల్లో కొత్త కంపెనీదీ అదే దారిన వస్తుంటే, రోడ్డు తవ్వినప్పుడూ కొమ్మ విరిగినప్పుడూ రెండూ కలిసే పోతాయి. సేల్స్ అబ్బాయి చెప్పేదానికన్నా మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పేదే నమ్మకం. ఏ కంపెనీ మనిషి వారానికి ఎన్నిసార్లు నిచ్చెన వేసుకుని వస్తున్నాడో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. పక్క ఫ్లాట్లలో కొత్త కంపెనీ కనెక్షన్ ఉన్నవాళ్లని ఇద్దరు ముగ్గురిని ఒకే ప్రశ్న అడగండి. 'స్పీడెంత' అని కాదు, 'పోతే ఎన్ని రోజులకి వచ్చింది' అని.

స్పీడ్ దగ్గర ఎక్కువ ఖర్చు పెట్టకండి. వీడియో మీటింగుకి నాలుగు ఎంబీపీఎస్ సరిపోతుంది. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు, ఎనిమిదితో భాగించాలి. ఇంట్లో నలుగురికీ అది చాలు. 300 తీసుకోమని ఒత్తిడి చేస్తే నవ్వి ఊరుకోండి. అప్‌లోడ్ స్పీడ్ ఎంత అని మాత్రం అడగండి, మీటింగులో మీ మాట అవతలికి తెగకుండా వెళ్లేది దానివల్లే. రేటు చెప్పినప్పుడల్లా 'జీఎస్టీ కలిపా, కలపకా' అనీ అడగాలి. రూ.599 అని బోర్డు మీద ఉన్నది 18 శాతం పన్నుతో రూ.707 అవుతుంది.

కొత్త కనెక్షన్ మీ పేరు మీద తీసుకోండి. ఇంటినుంచి పని చేసేవాళ్లకి కొన్ని కంపెనీలు ఇంటర్నెట్ బిల్లు తిరిగి ఇస్తాయి. మీ హెచ్ఆర్‌ని అడిగారో లేదో రాయలేదు. బిల్లు ఉద్యోగి పేరు మీద ఉండాలని మెలిక పెట్టడం మామూలే. అది దొరికితే ఈ ఉత్తరంలోని సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

కొత్తది వచ్చిన రోజే పాతది తీయించకండి. ఎలాగూ డబ్బు కట్టే ఉంది కదా, రెండూ పక్కపక్కన పదిహేను రోజులు నడవనివ్వండి. మీ పనివేళల్లో, రాత్రి తొమ్మిదింటికి, ఒక వాన రోజున కొత్తదాన్ని చూడండి. ఫోన్ సిమ్ మాత్రం కొత్త బ్రాడ్‌బ్యాండ్ కంపెనీది కానిది ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఇప్పుడు ఆ రూ.4,956 సంగతి. ఫోన్‌లో అరిచి లాభం లేదు. కాల్ సెంటర్‌లో ఉన్న అమ్మాయికి మీ వీధి స్తంభం తెలియదు, మీ లైన్‌మ్యాన్‌కి ఆ అమ్మాయి తెలియదు, ఇద్దరి మధ్యలో మీ ఫిర్యాదు టికెట్ తనంతట తాను మూసుకుపోతుంది. చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, టెక్నీషియన్ ఫోన్ చేసి 'మేడం, ఓటీపీ వచ్చింది చెప్పండి, సాయంత్రం వచ్చి చేసేస్తా' అంటాడు. ఆ ఓటీపీయే పని పూర్తయిందనడానికి మీరు పెట్టే సంతకం. నెట్ వచ్చి, మీరు కళ్లతో చూశాక తప్ప ఇవ్వకండి. పాపం వాళ్ల మీదా రోజుకిన్ని మూయాలన్న ఒత్తిడి ఉంటుంది, కానీ అది మీ తలకి చుట్టుకోవాల్సిన పని లేదు.

ఫిర్యాదు చేసినప్పుడల్లా ఒక నంబరు ఇస్తారు, అదే డాకెట్ నంబరు. ఆ ఆరూ మెసేజ్‌లలో వెతికి పట్టుకోండి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీలో రెండు మెట్లు ఉండాలి. మొదటిది ఫిర్యాదుల కేంద్రం. అక్కడ తేలకపోతే రెండోది అప్పీలు అధికారి. ఈ రెండో మెట్టు ఉందని చాలామందికి తెలియదు, కాల్ సెంటర్ వాళ్లూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఎక్కడో అడుగున చిరునామా, ఈమెయిల్ ఉంటాయి. అప్పీలుకు ఫీజు లేదు. మొదటి మెట్టులో ఫిర్యాదు తేల్చాల్సిన గడువు దాటిన 30 రోజుల్లోగా పెట్టుకోవాలి, 39 రోజుల్లో వాళ్లు తేల్చాలి. ఆగస్టు చివరి ఫిర్యాదు నంబరు పట్టుకుని వెంటనే కదలండి. జులైవి చెయ్యి దాటాయనుకుంటే, కొత్తగా ఒక ఫిర్యాదు రాతపూర్వకంగా పెట్టి, అది తేలకపోతే పైకి వెళ్లండి.

ఈమెయిల్‌లో కోపం వద్దు, లెక్క రాయండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నెట్ లేదు, ఏ డాకెట్ నంబరు, ఏ రోజున పని చేయకుండానే మూశారు. చివర్లో రెండు కోరికలు విడివిడిగా రాయండి: పోయిన 19 రోజులకు రిబేటు, మిగిలిన నెలల డబ్బు వాపసు. రిపేరు మూడు రోజులు దాటితే అద్దెలో తగ్గింపు ఇవ్వాలని ట్రాయ్ సేవా ప్రమాణాల్లోనే ఉంది, కాబట్టి మొదటిది మీ హక్కు. రెండోదాని దగ్గర 'ప్రీపెయిడ్ ప్యాక్‌కి వాపసు లేదు' అన్న షరతు చూపిస్తారు. చూపించనివ్వండి. సేవ ఇవ్వకుండా ఆ షరతు వెనక దాక్కోవడం కుదురుతుందా లేదా అన్నది వాళ్లొక్కరే తేల్చేది కాదు.

ట్రాయ్‌కి నేరుగా రాద్దామని మీకు ఎవరైనా చెప్పి ఉంటారు. ఒక్కొక్కరి ఫిర్యాదులు ట్రాయ్ విచారించదు. కంపెనీకే పంపుతుంది. అప్పీలులోనూ తేలకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలా కంపెనీలు అక్కడికి వచ్చేసరికి మెత్తబడతాయి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా సరే. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువు ఉంది. టెలికం గొడవలు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి రావని కంపెనీలు చాన్నాళ్లు వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదని తేల్చేసింది.

మరి ఐదు వేల కోసం అంతదాకా వెళ్లాలా? నా అభిప్రాయం అడిగితే, ఈమెయిల్, అప్పీలు, 1915, ఈ మూడూ తప్పకుండా చేయండి. మొత్తం రెండు మూడు గంటల పని. కమిషన్ దాకా వెళ్లడం మీ ఓపికను బట్టి. ఒక వాయిదాకి సెలవు పెడితే మీకు రూ.1,600 పోతుందని మర్చిపోకండి. రిబేటు వచ్చి, వాపసు సగమే ఇస్తామన్నా నేనైతే ఒప్పేసుకుంటాను.

ఆటోపే పెట్టి ఉంటే అది కంపెనీ యాప్‌లో కాదు, మీ యూపీఐ యాప్‌లోకో బ్యాంకులోకో వెళ్లి రద్దు చేయండి. కనెక్షన్ తీసేసినా, డబ్బు తీసుకోమని మీరిచ్చిన అనుమతి (మాండేట్) బతికే ఉంటుంది. కనెక్షన్‌తో పాటు ల్యాండ్‌లైన్ నంబరు ఉండి, దాన్ని బ్యాంకులోనో గ్యాస్ ఏజెన్సీలోనో ఇచ్చి ఉంటే ముందు అక్కడ మార్చుకోండి.

చివరికి ఆ రౌటర్ బాక్సు. నేను సీతమ్మధారలో ఉన్నప్పుడు ఒక కనెక్షన్ తీయించాను. ఒకబ్బాయి బైక్ మీద వచ్చి బాక్సు, అడాప్టరు సంచిలో వేసుకుని వెళ్లాడు. ఐదు నెలల తర్వాత 'పరికరం తిరిగి ఇవ్వలేదు, రూ.2,500 కట్టండి' అని రికవరీ వాళ్ల ఫోను. ఇచ్చానని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నెలరోజులు తిరిగితే గానీ అది వదల్లేదు, అదీ ఆ అబ్బాయి నంబరు నా కాల్ లిస్టులో దొరికింది కాబట్టి. మీరు బాక్సు వెనక ఉన్న సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి, వచ్చిన మనిషి చేతిలో బాక్సు ఉండగా ఇంకో ఫోటో, కంపెనీ నుంచి రసీదో మెసేజో వచ్చేదాకా అతన్ని గుమ్మంలోనే నిలబెట్టండి. కావాలంటే టీ ఇవ్వండి.