మ్యాప్ అప్‌డేట్ చేయించినా కొత్త రోడ్డు కనిపించదేం?

కారు తెరలో కంపెనీయే అమర్చి ఇచ్చే నావిగేషన్ గురించి ఇటీవల పాఠకుల నుంచి చాలా ప్రశ్నలు వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: కారు కొని ఆరేళ్లయింది. ఈమధ్య డీలర్ సర్వీస్ సెంటర్‌లో డబ్బు కట్టి మ్యాప్ అప్‌డేట్ చేయించాను. బిల్లులో పని పూర్తయినట్టే రాశారు. తీరా చూస్తే, ఏడాది కిందట తెరిచిన బైపాస్ మీద వెళ్తున్నప్పుడు తెర మీద బాణం గుర్తు రోడ్డే లేని ఖాళీ జాగాలో సాగిపోతోంది. వీలైన చోట వెనక్కి తిరగమని అదే పనిగా చెబుతోంది. సర్వీస్ వారిని అడిగితే ‘కంపెనీ ఇచ్చిందే ఎక్కించాం’ అంటున్నారు. నేను మోసపోయానా?

సమాధానం: ఆ సంగతి తేల్చాల్సింది బిల్లు కాదు, కారులో నమోదైన మ్యాప్ వెర్షన్. సెట్టింగ్స్‌లో సిస్టమ్ సమాచారం అనే భాగంలోనో, నావిగేషన్ మెనూలోనో అది కనిపిస్తుంది. చాలా కార్లలో దాన్ని సంవత్సరం, ఆ ఏడాదిలో ఎన్నో విడుదల అన్న వరుసలో రాస్తారు. అప్‌డేట్‌కు ముందున్న సంఖ్యే ఇప్పుడూ ఉంటే కొత్త మ్యాప్ ఎక్కలేదన్నమాట. దీనికి దురుద్దేశమే కారణం కానక్కర్లేదు. మ్యాప్ ఫైళ్లు చాలా పెద్దవి కాబట్టి, మోడల్‌ను బట్టి అవి ఎక్కడానికి గంటకు పైగా పట్టవచ్చు. ఆ లోపల ఎవరైనా కారును పక్కకు తీయడానికి ఇగ్నిషన్ ఆపేస్తే, కొన్ని సిస్టమ్‌లు మళ్లీ ఆగిన చోటి నుంచి మొదలుపెడతాయి, మరికొన్ని పాత మ్యాప్‌తోనే సరిపెట్టుకుంటాయి. ఇంకొక అయోమయమూ ఉంది. తెరను నడిపే సాఫ్ట్‌వేర్ వేరు, మ్యాప్ డేటా వేరు. రెండింటినీ సర్వీస్ సెంటర్‌లో ‘అప్‌డేట్’ అనే అంటారు కనుక, సాఫ్ట్‌వేర్ మార్చి మ్యాప్‌ను వదిలేసినా జాబ్ కార్డులో (చేసిన పనులు రాసే కాగితంలో) ఒకే మాట పడుతుంది. ఈ రెండింట్లో ఏది జరిగినా, పని మళ్లీ ఉచితంగా చేసి ఇవ్వమని అడిగే హక్కు మీకు ఉంది.

వెర్షన్ సంఖ్య మారి కూడా బైపాస్ కనిపించకపోతే మాత్రం కారణాన్ని డీలర్ దగ్గర వెతికి ప్రయోజనం లేదు. కారు కంపెనీల్లో చాలా వరకు మ్యాప్‌ను సొంతంగా తయారు చేసుకోవు. హియర్, టామ్‌టామ్ వంటి సంస్థల నుంచి తీసుకుంటాయి. నోకియా 2008లో కొన్న నావ్‌టెక్ అనే మ్యాప్ సంస్థే తర్వాత హియర్‌గా మారింది. 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ కంపెనీలు మార్కెట్‌లో తమ పోటీని పక్కన పెట్టి మరీ దాన్ని కలిసి కొన్నాయంటే, కారు వ్యాపారంలో మ్యాప్‌కు ఉన్న విలువ అర్థమవుతుంది. ఇలాంటి సంస్థ తన డేటాను ఒక తేదీ వరకు తీసుకుని, అక్కడ గీత గీసి, కారు కంపెనీకి ఇస్తుంది. దాన్ని ఆ మోడల్‌లోని యూనిట్ (తెరను, నావిగేషన్‌ను నడిపే పరికరం) చదవగలిగే రూపంలోకి మార్చాలి, పరీక్షించాలి, భాషల వారీగా గొంతు చెప్పే పేర్లు సరిచూడాలి, ఆ తర్వాతే డీలర్లకు పంపాలి. ఇదంతా పూర్తయ్యేసరికి నెలలు గడిచిపోతాయి. కాబట్టి ఈ ఏడాది పేరుతో వచ్చిన మ్యాప్‌లో నిరుటి రోడ్లే ఉండటం వింత కాదు. అయితే ఈ మాట డబ్బు తీసుకోకముందే చెప్పడం సర్వీస్ అడ్వైజర్ బాధ్యత అని మా అభిప్రాయం.

మీ కారు వయసు వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. ఒక మోడల్ తయారీ ఆగిన కొన్నేళ్లకు ఆ యూనిట్‌కు కొత్త మ్యాప్‌లు విడుదల చేయడం కూడా కంపెనీ ఆపేస్తుంది. అప్పుడు చివరిసారి వచ్చిన మ్యాప్ ఎంత పాతబడినా డీలర్ కంప్యూటర్‌లో అదే సరికొత్తదిగా కనిపిస్తుంది. ‘లేటెస్టేనా?’ అని అడిగితే ‘అవును సార్’ అనే సమాధానం వస్తుంది, అందులో అబద్ధమూ ఉండదు. అందుకే ప్రశ్నను మరోలా వేయాలి: ప్రస్తుతం కారులో ఉన్న వెర్షన్ ఏది, ఎక్కించబోయేది ఏది, అందులోని డేటా ఏ నెల వరకు సేకరించింది, ఈ మోడల్‌కు మున్ముందు మ్యాప్‌లు వస్తాయా. మొదటి రెండు సంఖ్యలనూ జాబ్ కార్డు మీద రాయించుకోండి. కారు తీసుకునేటప్పుడు సర్వీస్ సెంటర్ ఆవరణలోనే తెర తెరిచి సరిపోల్చుకోండి.

డబ్బు కట్టడానికి ముందు చేయదగిన పరీక్ష ఒకటుంది. ఆ మ్యాప్ సంస్థ వెబ్‌సైట్‌లోనో, యాప్‌లోనో మీకు కావలసిన రోడ్డు ఉందో లేదో చూడండి. అక్కడి మ్యాప్ కారులోకి వచ్చే దానికంటే ఎప్పుడూ ముందే ఉంటుంది కనుక, అక్కడే లేని రోడ్డు కారులోకి రాదు. అక్కడ ఉన్నంత మాత్రాన కారులోకి వచ్చి తీరుతుందని మాత్రం అనుకోవద్దు. లేని రోడ్డు గురించి ఆ సంస్థలకే నేరుగా తెలియజేసే వీలు కూడా ఉంది.

ఇక బాణం ఖాళీ జాగాలో తిరగడం గురించి. అది యంత్రం చెడిపోయిన లక్షణం కాదు. ఉపగ్రహాల సంకేతాలతో కారు ఉన్న చోటును యూనిట్ సరిగానే లెక్క కడుతోంది. ఆ చోట గీయడానికి రోడ్డు లేదంతే. మామూలుగా ఆ లెక్కలో ఉండే కొద్దిపాటి తేడాను సరిదిద్దడానికి యూనిట్ బాణాన్ని దగ్గరలోని రోడ్డు మీదికి లాగుతుంది. కొత్త బైపాస్ పాత రోడ్డుకు పక్కనే ఉన్నంత సేపు బాణం పాత రోడ్డునే అంటిపెట్టుకుని ఉంటుంది. రెండూ బాగా విడిపోయాక పట్టు వదిలేసి ఖాళీలోకి దూకుతుంది. మీ తెర మీద ఆ దూకుడు కూడా కనిపించే ఉండాలి.

ప్రశ్న: సర్వీస్ సెంటర్‌కు వెళ్లకుండా పెన్ డ్రైవ్‌తో నేనే మ్యాప్ ఎక్కించుకోవచ్చా?

సమాధానం: కంపెనీ అనుమతించిన మోడల్ అయితే నిస్సంకోచంగా చేసుకోవచ్చు. ఛాసిస్ నంబరు ఇస్తే కంపెనీ వెబ్‌సైట్ మీ కారుకు తగిన ఫైలు చూపిస్తుంది. పెన్ డ్రైవ్‌ను ఏ ఫార్మాట్‌లో సిద్ధం చేయాలో సూచనల్లో చూడండి. ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో 4 జీబీ, అంతకు మించిన ఫైలు పట్టదు, చాలామందికి ఎదురయ్యే లోపాల్లో ఇదొకటి. కారులో ఉన్న ప్రతి యూఎస్‌బీ రంధ్రమూ డేటాకు పనికిరాదు, కొన్ని కేవలం ఛార్జింగ్ కోసమే. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ మాత్రమే వేసి ఉంచితే బ్యాటరీ మధ్యలో దిగిపోవచ్చు. సర్వీస్ సెంటర్‌లో బయటి నుంచి స్థిరమైన కరెంటు అందించే పరికరం తగిలించేది అందుకే. ఇంజిన్ నడుపుతూ చేసేటట్టయితే కారు తప్పనిసరిగా ఆరుబయట ఉండాలి. మూసిన గ్యారేజీలో పొగ ద్వారా వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం.

ఎస్‌డీ కార్డు మీద నడిచే సిస్టమ్‌ల సంగతి వేరు. చాలా కార్డులు ఒకసారి ఒక కారుకు ముడిపడితే మరో కారులో పనిచేయవు. చౌకగా దొరికే వాడిన కార్డులకూ, దొంగ కాపీలకూ దూరంగా ఉండండి.

ప్రశ్న: నా పాత కారులో నావిగేషన్ దారి సరిగానే చూపుతోంది, కానీ గడియారంలో తేదీ ఇరవై ఏళ్లు వెనక్కి పోయింది. మ్యాప్ అప్‌డేట్ చేయిస్తే కుదురుకుంటుందని సర్వీస్ సెంటర్‌లో చెబుతున్నారు. చేయించమంటారా?

సమాధానం: అందుకోసమే అయితే వద్దు. తేదీకి, మ్యాప్‌కు సంబంధం లేదు. జీపీఎస్ ఉపగ్రహాలు తేదీని మనలా చెప్పవు. 1980 జనవరి 6 నుంచి ఎన్ని వారాలు గడిచాయో ఒక సంఖ్యగా పంపుతాయి. మొదట్లో రూపొందించిన సంకేతంలో ఆ సంఖ్యకు పది బిట్ల (0 లేదా 1 పట్టే పది గడుల) చోటే ఇచ్చారు. అందువల్ల 0 నుంచి 1023 వరకు లెక్కించాక అది మళ్లీ సున్నాకు వస్తుంది. 1024 వారాలంటే 19 ఏళ్ల 7 నెలలకు పైమాటే. అలా 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో మరోసారి సున్నాకు వచ్చింది. ఎన్నో ఆవృత్తం నడుస్తోందో తెలుసుకునే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే తేదీ అన్నేళ్లు వెనక్కి పడుతుంది. కొందరు తయారీదారులు తమ సాఫ్ట్‌వేర్ రాసిన నాటి నుంచి లెక్క మొదలుపెట్టడంతో, కొన్ని యూనిట్లలో ఈ తేడా 2019లో కాక ఆ తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. ఉపగ్రహాల నుంచి కారుకు ఉన్న దూరాల లెక్కకు కావలసింది వారంలోపలి సమయం కాబట్టి దారి చూపడంలో సాధారణంగా తేడా రాదు.

దీనికి మందు యూనిట్ సాఫ్ట్‌వేర్‌లో సవరణ ఒక్కటే. మీ మోడల్‌కు కంపెనీ దాన్ని విడుదల చేసిందా అని రాతపూర్వకంగా అడగండి. విడుదల చేయకపోతే, ఉపగ్రహంతో సమయం సరిచేసుకునే సదుపాయాన్ని ఆపి, తేదీని చేత్తో పెట్టుకునే వీలుందేమో సెట్టింగ్స్‌లో చూడండి.

ప్రశ్న: ఫోన్‌లో మ్యాప్ ఉచితంగా దొరుకుతుండగా కారు మ్యాప్‌కు డబ్బు పెట్టడం అవసరమా?

సమాధానం: రోడ్ల తాజాదనంలో ఫోనే మేలు, ఇందులో వాదన లేదు. ఫోన్‌ను కారు తెరకు కలిపే కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఆటో 2015లో కార్లలోకి వచ్చాక చాలామందికి అంతర్నిర్మిత మ్యాప్‌తో పనే తగ్గింది. అయినా పొడవైన సొరంగంలో, ఉపగ్రహ సంకేతం అందని చోట, కారు యూనిట్ చక్రాల వేగాన్ని, మలుపులను కొలిచే గైరోస్కోప్ లెక్కను కలిపి తన స్థానాన్ని అంచనా వేసుకుంటుంది. ఫోన్ సిగ్నల్ లేని ప్రాంతంలోనూ మొత్తం మ్యాప్ దాని దగ్గరే ఉంటుంది. విద్యుత్ కార్లలో ఛార్జింగ్ ఎక్కడ ఆపాలో చెప్పే లెక్క చాలా మోడళ్లలో సొంత నావిగేషన్ మీదే ఆధారపడుతుంది. వేగ పరిమితి చూపించే కార్లు కొన్ని, కెమెరాతో పాటు మ్యాప్‌నూ సంప్రదిస్తాయి. ఐరోపా సమాఖ్యలో 2024 జూలై నుంచి అమ్మే కొత్త కార్లన్నింటికీ వేగ పరిమితి హెచ్చరిక తప్పనిసరి. అలాంటి కారులో మ్యాప్ పాతదైతే పరిమితి మారిన రోడ్డు మీద తప్పుడు సంఖ్య చూపే అవకాశం ఉంది. మీ కారులో ఇవేవీ లేకుండా, ఫోన్‌ను తెరకు కలిపే సౌకర్యం మాత్రం ఉంటే ఆ ఖర్చు పెట్టుకోవద్దనే చెబుతాము. కొత్త కారు కొంటున్నవారు మాత్రం ఎన్నేళ్ల పాటు మ్యాప్‌లు ఉచితంగా ఇస్తారో ఒప్పందంలోనే రాయించుకోవాలి.

చేయించాలనే నిర్ణయించుకుంటే, కారు అప్పగించే ముందు మీరు దాచుకున్న చిరునామాల జాబితాను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. కొన్ని సిస్టమ్‌లలో కొత్త మ్యాప్ ఎక్కగానే అవన్నీ చెరిగిపోతాయి.