రింకులో ఆడపిల్లలు: ఎదుగుదల, తిండి, తూకం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు స్కేటింగ్ రింకు నుంచే వచ్చాయి. రాసినవాళ్ళు ఒకరికొకరు తెలియకపోయినా అడిగిన విషయం దాదాపు ఒకటే కాబట్టి, మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి ఈ మూడింటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడో ఏడు నడుస్తోంది. చిన్నప్పటి నుంచి రోలర్ స్కేట్స్ మీద ఆర్టిస్టిక్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఎప్పటికైనా మంచు మీద ఫిగర్ స్కేటింగ్ చేయాలని దాని కోరిక. నిరుడు తేలిగ్గా వేసిన డబుల్ జంపులు (గాలిలో రెండు చుట్లు తిరిగేవి) ఈమధ్య వరసగా తప్పుతున్నాయి. ఒళ్ళు వస్తోందని, పెద్దమనిషి కాకముందే జంపులన్నీ పట్టేయాలని కోచ్ అంటున్నారు. ప్రతి శనివారం పిల్లలందరినీ వరసలో నిలబెట్టి బరువు చూసి, పైకి చదువుతారు. అప్పటి నుంచి మా పిల్ల అన్నం మానేసి కీరా ముక్కలు, గుడ్డులోని తెల్లసొన మాత్రమే తింటోంది. అదేమని అడిగితే రష్యా అమ్మాయిల వీడియోలు చూపిస్తుంది. ఎదిగే పిల్ల కడుపు మాడ్చకూడదని మా అత్తగారు కోప్పడుతున్నారు. తిండి తగ్గిస్తే రజస్వల కావడం ఆలస్యమవుతుందని విన్నాను. రెండేళ్ళపాటు అలా ఆపగలిగితే ఆటకు మేలేనా?
– ఒక తల్లి, నల్లకుంట

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఆపవద్దు. అలాంటి ఆలోచన మీకు వచ్చిందన్న సంగతి కూడా పిల్ల చెవిన పడనీయవద్దు. తిండి తగ్గితే రజస్వల కావడం వెనక్కి పోతుందన్న మాట నిజమే గాని, వెనక్కి పోయేది నెలసరి ఒక్కటే కాదు. ఒంటికి చాలినంత శక్తి అందడం లేదని గ్రహించిన మెదడు, ప్రాణం నిలపడానికి అత్యవసరం కాని పనులను ఒక్కొక్కటిగా తగ్గించేస్తుంది. అండాశయాలకు అందే సంకేతాలు తగ్గుతాయి, ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను పడిపోతుంది, ఎముకల్లో కాల్షియం చేరడం మందగిస్తుంది, థైరాయిడ్ నెమ్మదిస్తుంది, తగిలిన దెబ్బ త్వరగా మానదు. ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి కొరత) అని పేరు పెట్టారు. శిక్షణలో ఖర్చయ్యే శక్తికి తగినంత తినకపోవడమే దీనికి మూలం. బరువు మామూలుగా కనిపించే పిల్లల్లో కూడా ఇది ఉండవచ్చు.

ఇక జంపుల సంగతి. స్కేటర్ గాలిలో ఉండేది అర సెకను, మహా అయితే ముప్పాతిక సెకను. ఆ కాస్త వ్యవధిలో చేతులను గుండెలకు హత్తుకొని, కాళ్ళు మెలివేసి, ఒళ్ళంతా వీలైనంత సన్నగా దగ్గరికి తెచ్చుకుంటేనే చుట్లు పూర్తవుతాయి. పొడవు పెరిగి, భుజాలూ తుంటీ వెడల్పయినప్పుడు, ఇంటర్ భౌతికశాస్త్రంలో చదువుకునే జడత్వ భ్రామకం, అంటే తిరగడాన్ని నిరోధించే గుణం, పెరుగుతుంది కనుక, పాత ఊపుతోనే ఎగిరితే పాత వేగంతో తిరగడం కుదరదు. మెదడుకు అలవాటైన కొలతలు కూడా మారిపోతాయి. నిన్నటి దాకా తెలిసిన కాలు ఇవాళ రెండు వేళ్ళు పొడవైతే, ఏ క్షణాన నేలను తన్నాలో మళ్ళీ నేర్చుకోవలసిందే. ఇందులో పిల్ల తప్పు గాని, అన్నం తప్పు గాని ఏమీ లేదు.

కోచ్ గారి మాటలో ఇంకొక పొరపాటు ఉంది. ఆడపిల్లలు అన్నిటికన్నా వేగంగా పొడవు పెరిగేది సగటున పన్నెండో ఏట. ఆ వేగం తగ్గుముఖం పట్టిన తర్వాతే, ఆరు నెలలకో ఏడాదికో, తొలి నెలసరి వస్తుంది. అంటే జంపులను తారుమారు చేసే ఎదుగుదలలో పెద్ద భాగం పెద్దమనిషి కాకముందే జరిగిపోతుంది. ఆ రోజును గడువుగా పెట్టుకొని పిల్లను తొందరపెట్టడంలో అర్థమే లేదు. పైగా తొందరపెట్టడానికి ఇంతకన్నా ప్రమాదకరమైన కాలం మరొకటి ఉండదు. ఎముక ముందు సాగుతుంది, గట్టిదనం తర్వాత వస్తుంది. పెద్దయ్యాక ఎముకల్లో ఉండే ఖనిజంలో సుమారు నాలుగో వంతు ఈ ఎదుగుదల వేగానికి అటూ ఇటూగా ఉన్న రెండేళ్ళలోనే చేరుతుంది. సరిగ్గా అప్పుడే కంచం ఖాళీ చేసి, ఒంటి బరువుకు ఎన్నో రెట్ల తాకిడితో రోజుకు యాభైసార్లు ఒంటికాలి మీద దిగమంటే, పాదంలోనో మోకాలి కిందనో సన్నని పగుళ్ళు రావడంలో వింతేముంది?

మీ అమ్మాయి చూసే వీడియోల్లో నాలుగు నిమిషాల ఆటే కనిపిస్తుంది, ఆ తర్వాత జరిగినది కనిపించదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో పదిహేనేళ్ళకే జట్టు స్వర్ణం అందుకున్న యూలియా లిప్నిత్‌స్కయా, లావవుతానన్న భయంతో తిండి మానేసే జబ్బు అనొరెక్సియాకు చికిత్స తీసుకొని, పందొమ్మిదేళ్ళకు ఆట వదిలేసింది. 2018లో పదిహేనేళ్ళకే వ్యక్తిగత స్వర్ణం గెలిచిన అలీనా జగితోవా, 2019 డిసెంబరు తర్వాత పోటీలకు దూరమైంది. అమెరికా జాతీయ చాంపియన్‌గా రెండుసార్లు నిలిచిన గ్రేసీ గోల్డ్, ఆహార రుగ్మతకూ కుంగుబాటుకూ చికిత్స కోసం 2017లో ఆట ఆపింది. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో పదిహేనేళ్ళ కమీలా వలియేవా డోపింగ్ ఉదంతం ప్రపంచమంతా చూసిన తర్వాత, అదే ఏడాది జూన్‌లో థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో సమావేశమైన అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య, సీనియర్ పోటీల కనీస వయసును పదిహేను నుంచి పదిహేడుకు పెంచింది. అనుకూలంగా 100 ఓట్లు, వ్యతిరేకంగా 16 పడ్డాయి. 2023–24 సీజన్‌లో పదహారు, 2024–25 నుంచి పదిహేడు అమలులోకి వచ్చాయి. కాబట్టి మంచు మీదికి వెళ్ళాలనుకునే మీ అమ్మాయికి పదమూడేళ్ళకే అన్నీ పట్టేయవలసిన అవసరాన్ని నియమావళే తీసేసింది.

ఎదిగిన ఒంటితో గెలిచినవాళ్ళ వీడియోలు కూడా ఉన్నాయి, అవి చూపించండి. జపాన్ స్కేటర్ కావోరి సకమోటో 2022, 2023, 2024లో వరసగా ప్రపంచ చాంపియన్. మూడో టైటిల్ నాటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు. ఆమె స్కేటింగ్‌లో ఉండే వేగం, జంపుల పరిధి, బలమైన తొడలున్న శరీరానికే సాధ్యం. రష్యాకే చెందిన ఎలిజవేతా తుక్తమిషేవా 2015లో ప్రపంచ చాంపియన్ అయి, ఆ తర్వాత వెనుకబడి, ఇరవై నాలుగేళ్ళ వయసులో 2021లో గాలిలో మూడున్నర చుట్లు తిరిగే ట్రిపుల్ ఆక్సెల్‌తో తిరిగొచ్చి రజతం గెలిచింది. పదహారేళ్ళకే రిటైరైన అమెరికా అమ్మాయి అలీసా లియు, విరామం తీసుకొని మళ్ళీ వచ్చి 2025లో పందొమ్మిదేళ్ళకు ప్రపంచ టైటిల్ అందుకుంది. చక్రాల మీదా జంపుల తీరు ఇంచుమించు ఇదే. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యాలు తెచ్చిన మన రోలర్ స్కేటర్ అనూప్ కుమార్ యామా కూడా ఇవే జంపులు, ఆక్సెల్, లుట్జ్‌లు వేసినవాడే.

తిండి విషయంలో మీ అత్తగారి మాటే సరైనది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు సుమారు 2,400 కిలో క్యాలరీలు, 1,000 మిల్లీగ్రాముల కాల్షియం, 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. రోజూ గట్టి శిక్షణ తీసుకునే పిల్లకు ఆ శ్రమను బట్టి ఇంకొంత కలపాలి. ఒక్క తెల్లసొన ఇచ్చేది ఇరవై కిలో క్యాలరీల లోపు, కీరాలో నీళ్ళు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఇనుము, డి విటమిన్ ఉన్న పచ్చసొనను పారేసి, వాటి మాత్రలు కొనడం వింతగా లేదూ? తెల్లవారుజామున ప్రాక్టీస్ ఉంటే, వెళ్ళే ముందు ఒక అరటిపండూ గ్లాసు పాలూ చాలు. రింకు నుంచి రాగానే, బడి బస్సు ఎక్కే లోపు, పెసరట్టు ఉప్మా గాని, మూడు ఇడ్లీలు, పల్లీ పచ్చడి, ఒక పూర్తి గుడ్డు గాని పెట్టండి. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, పాలకూరో తోటకూరో వేసిన పప్పు, పెరుగు ఉండాలి. పప్పులో నిమ్మకాయ పిండితే ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటబడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే ఒంటబట్టదు. సాయంత్రం ప్రాక్టీసుకు ముందు రాగి జావ మంచిది, వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. పెద్దమనిషి అయిన పిల్లకు నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి పెట్టడం, సున్నుండలు చేయడం మన ఇళ్ళలో ఉన్నదే. ఆ కొద్ది రోజుల వేడుకతోనే దాన్ని ఎందుకు ఆపేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇవన్నీ పెట్టినా పిల్ల తినకపోతే, లేదా తిన్నట్టు నటిస్తే, నలుగురితో కూర్చుని భోజనం చేయడానికి సాకులు చెబుతుంటే, ఇది వంటతో తీరే సమస్య కాదు. పిల్లల వైద్యులకు చూపించి, వారి సలహాతో మానసిక నిపుణుల దగ్గరికి కూడా వెళ్ళండి. శనివారం తూకం గురించి కోచ్‌తో మీరే మాట్లాడండి, పిల్లతో చెప్పించవద్దు. మా అమ్మాయి బరువు డాక్టరు దగ్గర చూపిస్తాం, ఇక్కడ చూడవద్దు అంటే సరిపోతుంది. ఆ మాట పట్టని చోట పిల్లను ఉంచాలా వద్దా అన్నది ఆలోచించవలసిందే.

ప్రశ్న: నాకు పదహారేళ్ళు. నాలుగు నెలలుగా పీరియడ్స్ రాలేదు. ప్రాక్టీస్ గట్టిగా చేసేవాళ్ళకు ఇది మామూలే, హాయిగా ఉంటుంది కూడా అని రింకులో అక్కలు అంటున్నారు. నెల నుంచి కుడి మోకాలి కింద, ముందువైపు ఎముకలో ఒకచోట నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి. అమ్మకు చెబితే స్కేటింగ్ మాన్పిస్తుందని భయం. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకోవచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ముందు కాలి సంగతి, తల్లీ. ఇవాళ్టి నుంచి జంపులు ఆపు. ఒకే చోట నొక్కితే నొప్పి రావడం ఎముకలో పగులు మొదలైందనడానికి గుర్తు కావచ్చు. తొలి రోజుల్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు కనుక, ఎక్స్‌రే బాగుందని ఎవరైనా అన్నంత మాత్రాన మళ్ళీ ఎగరవద్దు. ఎముకల డాక్టరు అవసరమనుకుంటే ఎంఆర్ఐ తీయిస్తారు. ఇప్పుడు కొన్ని వారాలు ఆగితే మానే పగులు, ఆగకపోతే ఎముక విరగడం దాకా వెళ్ళవచ్చు.

నెలసరి మూడు నెలలకు మించి ఆగినా, పదిహేనేళ్ళు నిండినా మొదలు కాకపోయినా డాక్టరుకు చూపించాలన్నది క్రీడాకారిణులకూ వర్తించే నియమమే. తక్కువ తినడం వల్లే ఆగిందని నువ్వూ నేనూ తేల్చేయకూడదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లలో తేడాలు, అండాశయాలకు సంబంధించిన పీసీఓఎస్ వంటివి కూడా కారణం కావచ్చు, అందుకే గైనకాలజిస్టు రక్త పరీక్షలు చేయిస్తారు. షాపు మాత్రలతో రక్తస్రావం తెప్పించుకుంటే అసలు కారణం మరుగున పడుతుంది, ఎముకకు కలిగే నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది. నెలసరి ఆగడమూ ఎముక నొప్పీ ఒకే సమయంలో వచ్చాయని ఇద్దరు డాక్టర్లకూ చెప్పాలి, ఎందుకంటే రెంటికీ మూలం ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ.

అమ్మకు ఈ పేజీ చూపించు. మాన్పించాలని ఆమె అనుకుంటే, ఇప్పుడు ఆపేది జంపులే గాని ఆట కాదని నేను చెప్పానని చెప్పు. తినాలంటే భయంగా ఉన్నా, తిన్నది కక్కేయాలనిపిస్తున్నా, ఇంట్లో చెప్పలేకపోతే 14416 నంబరుకు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం ఉచితంగా నడిపే టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: చాలా ఏళ్ళుగా పిల్లలకు స్కేటింగ్ నేర్పుతున్నాను. ఈ మధ్య అందరూ బరువు మాటెత్తవద్దంటున్నారు. బరువు పెరిగితే జంప్ ఎత్తు తగ్గదా? జంటగా ఆడే పెయిర్స్‌లో అమ్మాయిని ఎత్తే కుర్రాడి నడుము సంగతేమిటి? నిజం చెప్పడం కూడా తప్పేనా?
– ఒక కోచ్, హైదరాబాద్

జవాబు: కోచ్ గారూ, బరువు తేడా చేయదని నేను అనను. భౌతికశాస్త్రంతో వాదించలేం. ఎదిగే పిల్ల విషయంలో ఆ నిజం మీరు చెప్పినందువల్ల ఆమె చేయగలిగిన మంచి పని ఏదైనా ఉందా అన్నదే ప్రశ్న. పెరగవలసిన వయసులో పెరిగిన బరువును తగ్గించుకోమంటే ఆమెకు తెలిసిన దారి ఒక్కటే, అన్నం మానేయడం. దానితో ముందు పోయేది కండ. కండ పోతే జంప్ ఎత్తు ఇంకా తగ్గుతుంది, మీరు మళ్ళీ బరువునే నిందిస్తారు.

తూకం యంత్రం తీసేసి గోడకు కొలత టేపు అంటించండి. మూడు నెలలకొకసారి ఎత్తు కొలిస్తే, ఎవరు వేగంగా పెరుగుతున్నారో మీకు తెలుస్తుంది. ఆ కొలతను కూడా పైకి చదవకుండా మీ పుస్తకంలో రాసుకోండి. ఆ పిల్లకు ఆ కొన్ని నెలలూ జంపుల లెక్క తగ్గించి, స్పిన్నులు, ఎడ్జ్‌లు, తొడలకూ నడుముకూ బలమిచ్చే వ్యాయామాలు పెంచండి. తప్పిన జంపు తిరిగి వచ్చేది ఆ బలంతోనే. పెయిర్స్ కుర్రాడి నడుముకు మందు అమ్మాయి పస్తులు కాదు, అతని వ్యాయామం. అతనికి ఇంకా ఆ బలం రాకపోతే ఆ లిఫ్టు ఈ ఏడాది వేయించకండి. దానివల్ల నాలుగు మార్కులు పోతే పోనివ్వండి.

పిల్లలు నొచ్చుకునేది కోచ్ మాటకే కాదు, కాస్ట్యూమ్ దగ్గర కూడా. నిరుటి లైక్రా డ్రెస్సులోకి పోటీ రోజు పొద్దున బలవంతంగా దూరవలసి వచ్చిన పిల్ల, బట్ట చిన్నదైందనుకోదు, తానే లావయ్యాననుకుంటుంది. పన్నెండు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకు కుట్టించేటప్పుడు నడుము దగ్గరా చంకల కిందా లోపల కాస్త బట్ట ఎక్కువ వదలమని టైలర్‌కు చెప్పండి. కొలతలు పోటీకి నెల ముందు మళ్ళీ తీయించండి. అవి టైలరమ్మ విడిగా, తలుపు వేసిన గదిలో తీసేలా చూడండి.