పెద్ద తుపాకీకి చిన్న మోతాదు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిన్నా,

నువ్వు కొన్న లివర్ యాక్షన్ (లివర్ లాగి తూటా ఎక్కించే) మార్లిన్ తుపాకీ ఫొటో చూశాను. దాని .45-70 తూటా తన్నుకి భుజం కమిలిపోయిందని మీ అమ్మ ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది. టెక్సస్ వచ్చాక నాకూ మొదటి ఏడాది అదే అనుభవం. సీసం గుండు సొంతంగా పోసుకుని, మెల్లగా వెళ్ళే తూటాలు చేసుకోవాలన్న నీ ఆలోచన మంచిదే. కానీ తక్కువ తుపాకీమందు కాబట్టి ప్రమాదం కూడా తక్కువనుకుంటున్నట్టున్నావు. అందుకే ఈ ఉత్తరం.

ఈ తూటా 1873 నాటిది. అమెరికా సైన్యం కోసం పుట్టింది. అందులో 70 గ్రెయిన్ల నల్ల తుపాకీమందు, ముందు 405 గ్రెయిన్ల గుండు, అంటే దాదాపు 26 గ్రాములు. కేసు, అంటే మందు పోసే ఇత్తడి తొడుగు, నిండేది. గుర్రం మీది సిపాయిల పొట్టి తుపాకీకి ఆ తన్ను ఎక్కువైందని వాళ్ళకు మందు 55 గ్రెయిన్లకు తగ్గించారు. కాబట్టి భుజం నొప్పి పుట్టింది నీ ఒక్కడికే కాదు. ఇప్పటి పొగలేని మందు చాలా కొద్దిగా పోస్తే చాలు. దాంతో అంత పెద్ద కేసులో అడుగున కాస్త మందు, పైన బోలెడు ఖాళీ మిగులుతుంది. చిక్కులన్నీ ఆ ఖాళీలోనే ఉన్నాయి.

ఒకే కేసులో మందు రెండుసార్లు పడినా పొంగి బయటికి రాదు. పైనుంచి చూస్తే ఏ తేడా కనబడదు, పేలిస్తే మాత్రం తుపాకీ మిగలదు. నేను 50 కేసులను చెక్కదిమ్మెలో నిలబెట్టి, అన్నిట్లో మందు పోశాక టార్చిలైటు వేసి వరసగా ఒక్కో దానిలోకీ తొంగి చూస్తాను. అది అయ్యేదాకా ఒక్క గుండు కూడా కూర్చోబెట్టను. ఫోన్ ఇంట్లో వదిలి గ్యారేజీలోకి వెళ్తాను. ఒకసారి ఫోన్ మాట్లాడి తిరిగొచ్చి, ఒక కేసులో మందు పోయకుండానే మూసేశాను. షూటింగ్ రేంజ్‌లో 'ఢాం' అనాల్సింది 'ఫట్' అంది. ఆ హడావుడిలో లివర్ లాగి ఇంకోటి ఎక్కించబోయాను. పక్కన నిలబడ్డ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మందు లేకపోయినా, కేసు అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ తోపుకే గుండు వెళ్ళి గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉంది. రెండోది పేల్చి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదేమో. శబ్దం మెత్తగా వస్తే ఆగు. తూటాలన్నీ తీసేసి, గొట్టం ఇటునుంచి అటు కనబడేదాకా ఇంకోటి పేల్చకు.

మందు ఎంత అని అడిగావు. అంకె నేను చెప్పను, ఎవడైనా నోటిమాటగా చెప్పినా తీసుకోకు. తూటాల తయారీ మాన్యువల్‌లో .45-70కి మూడు భాగాలుంటాయి: పాత ట్రాప్‌డోర్ (ఆ కాలపు సైన్యపు) తుపాకులకు, లివర్ వాటికి, గట్టి సింగిల్ షాట్ వాటికి. నీకు కావలసింది అన్నిటికన్నా తక్కువ ఒత్తిడి ఉండే మొదటి భాగం. నీ గుండు బరువు, నీ మందు పేరు రెండూ కలిసిన వరస చూసుకుని, అందులోని కనిష్ఠంతో మొదలుపెట్టు. ఇంకా మెత్తగా ఉండాలని దాని కిందికి దిగావా, గుండు గొట్టంలోనే ఆగిపోవచ్చు. నెమ్మదిగా కాలే మందుల్ని తగ్గించడం మరీ తప్పు. హెచ్110 అనే మందును తగ్గించవద్దని తయారుచేసేవాళ్ళే హెచ్చరిస్తారు. ఖాళీ నింపడానికి దూది, పీచు కుక్కేవాళ్ళూ ఉన్నారు. నేను కుక్కను.

ఆ ఖాళీ వల్ల ఇంకో తమాషా ఉంది. మందు ఒకసారి ప్రైమర్ వైపు, ఒకసారి గుండు వైపు పడుకుంటుంది, దాన్నిబట్టి వేగం మారిపోతుంది. తుపాకీ మూతి పైకెత్తి దించి ఐదు, కిందికి వంచి ఎత్తి ఐదు పేల్చి, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో చూడు. రెండిటికీ పెద్ద తేడా వస్తే ఆ మందు నీ తూటాకు కుదరనట్టే. ఫ్యాక్టరీ 405 గ్రెయిన్ల తూటా సెకనుకు 1,330 అడుగుల దాకా పోతుంది. నీది 1,000–1,100 అడుగుల దగ్గర నిలిస్తే చాలు, భుజానికి హాయి.

గురి కుదరకపోతే అందరూ మందును తిట్టుకుంటారు. నా అనుభవంలో పదిలో ఎనిమిదిసార్లు తప్పు గుండు లావులోనే ఉంది. ముందు తుపాకీ ఖాళీ చేసి, గొట్టానికి నూనె రాసి, మెత్తటి సీసం ముక్క ఒకటి అందులోంచి తోసి మైక్రోమీటర్‌తో కొలువు. గొట్టం లోపలి గాడుల దగ్గర 0.458 అంగుళం వస్తే గుండు 0.459 లేదా 0.460 ఉండాలి. సన్నగా ఉంటే పక్కలనుంచి వేడిగాలి దూసుకెళ్ళి సీసం కరిగి గొట్టానికి అంటుకుంటుంది. అది గీకడం నరకం. గట్టి సీసమైతే మంచిదని నేనూ మొదట్లో మోసపోయాను. ఇంత తక్కువ ఒత్తిడికి అది ఉబ్బి గొట్టం గాడుల్ని మూయదు. ఇరవై పాళ్ళు సీసానికి ఒక పాలు తగరం సరిపోతుంది. తేనెమైనం కలిసిన గ్రీజు గుండు చుట్టూ ఉండే గాడుల్లో నింపు. గుండు కూర్చోబెట్టే ముందు కేసు మూతి కొద్దిగా విప్పకపోతే గుండు చెక్కుకుపోతుంది. నీది గొట్టం మ్యాగజైన్, అందులో ఒక గుండు మూతి ముందు తూటా ప్రైమర్‌కు ఆనుకుని ఉంటుంది. మొన తేలిన గుండైతే ఆ ప్రైమర్‌ను పేల్చేయొచ్చు, అందుకే చదును మూతి గుండు తప్ప ఇంకోటి వద్దు. పేర్చిన బరువుకు గుండు లోపలికి జారకుండా, గుండు కూర్చోబెట్టాక కేసు మూతి గట్టిగా బిగించు.

సీసం కరిగించేది గాలి ఆడే చోట, వంటింటికి దూరంగా. ఆ గరిటె, గిన్నె మళ్ళీ వంటకు పనికిరావు. కాగే నూనెలో నీటిచుక్క పడితే చిటపటలాడడం చూశావుగా, కరిగిన సీసంలో పడితే గిన్నె మొత్తం ఎగిరి మొహాన పడుతుంది. తడి సీసం, చెమట చుక్క, చల్లని కోక్ డబ్బా ఏదీ దగ్గర ఉండకూడదు. కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా, తోలు గ్లౌజులు వేసుకో. అయ్యాక చేతులు కడిగి, బట్టలు మార్చి, అప్పుడే పాపను ఎత్తుకో. సీసం పిల్లల బుర్రకు చేసే హాని మళ్ళీ బాగుపడదు.

సంక్రాంతికి ఊరెళ్తానన్నావు. రేంజ్‌కు వాడిన సంచిలో బట్టలు సర్దకు. మూలన ఒక్క తూటా మిగిలినా ఇండియా ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. కొత్త సంచి కొనుక్కో, డబ్బులు నేనిస్తాను.

మామయ్య