గేర్‌బాక్స్ దగ్గర ఆయిల్ చుక్కలు

ప్రశ్న: మాది 1992 మాజ్డా మియాటా, 1.6 లీటర్ల ఇంజిన్. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ కారుతోంది. రియర్ మెయిన్ సీల్ (క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపేది) పోయింది, గేర్‌బాక్స్ దించాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: అప్పుడే దించనివ్వకండి. ముందు పైన చూడండి. సిలిండర్ హెడ్ వెనక, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కు, క్యాబిన్‌కు మధ్య గోడ) వైపు క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్ ఏ కోణంలో ఉందో చెప్పేది అదే. దాని ఓ-రింగ్ (రబ్బరు వలయం) ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి చదునైపోతుంది. ఆయిల్ హెడ్ వెనకగా జారి బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు అతుక్కునే గేర్‌బాక్స్ ముందు భాగం) మీద చుక్క కడుతుంది. కింద నుంచి చూసేవారికి అచ్చం సీల్ లీకులాగే కనిపిస్తుంది.

చల్లారిన ఇంజిన్‌ను డిగ్రీజర్‌తో కడిగి, ఆయిల్‌లో యూవీ డై కలిపి 20 నిమిషాలు నడపండి. యూవీ టార్చితో వెతికితే మెరుపు మొదలైన పైచోటే లీకు. వాల్వ్ కవర్ వెనక మూలలు కూడా చూడండి. అక్కడ తడి ఉంటే గ్యాస్కెట్ మార్చాలి.

సెన్సర్‌దే అయితే పని చిన్నదే, చేతులు పట్టే చోటే ఇరుకు. సెన్సర్, హెడ్ మీదుగా గీత గీసి గుర్తు పెట్టుకుని, ప్లగ్ ఊడదీసి, 12 ఎంఎం బోల్టు విప్పి సెన్సర్ లాగండి. కొత్త ఓ-రింగ్‌కు ఇంజిన్ ఆయిల్ రాయండి, సిలికాన్ మాత్రం వద్దు. సెన్సర్ ఒక్క దిశలోనే కూర్చుంటుంది, బలవంతం చేయకండి. తర్వాత డయాగ్నోస్టిక్ బాక్సులో టెన్ (TEN), జీఎన్‌డీ (GND) అని రాసి ఉన్న పిన్నులు వైరుతో కలిపి, టైమింగ్ లైటుతో చూస్తూ, సెన్సర్‌ను కొద్దికొద్దిగా తిప్పి, స్పార్క్ టైమింగ్‌ను టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం) 10 డిగ్రీల ముందు సెట్ చేయండి. ఆ పక్కనే ఉండే హీటర్ గొట్టాలు ఆయిల్‌కు మెత్తబడి ఉబ్బితే అవీ మార్చేయండి.