లావు పీఎస్4 అమ్మేసి స్లిమ్ కొనాలా? కన్సోల్ సన్నబడితే లోపల ఏం మారుతుంది?

మీరు అడిగింది ఇదీ: మాది రాజోలు దగ్గర పల్లెటూరు, లావు పీఎస్4 (టీవీకి తగిలించి ఆడే సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 4), దాని డిస్కులూ ఉన్నాయి, ఎండలు ముదిరితే ఫ్యాను హోరెత్తిపోతోంది, కాసేపు ఆడగానే బాగా వేడెక్కిందని తెర మీద హెచ్చరిక వచ్చి ఆగిపోతోంది. దీన్ని అమ్మేసి పీఎస్4 స్లిమ్ కొనాలా, ఇంకొంచెం డబ్బు వేసుకుని పీఎస్5 స్లిమ్‌కి వెళ్లాలా, అసలు స్లిమ్ అంటే పైడబ్బా మార్చడమేనా అని.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇప్పుడే అమ్మకండి. ఒకసారి విప్పించి శుభ్రం చేయించండి, చిప్పు వేడిని లాగడానికి దాని మీద పూసే పేస్టు మార్పించండి. ఆ తర్వాత కూడా కొత్తది కావాలనిపిస్తే పీఎస్4 స్లిమ్ మీద డబ్బు పెట్టొద్దు, నేరుగా డిస్కు డ్రైవు ఉన్న పీఎస్5 స్లిమ్ తీసుకోండి. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నాకు పాలకొల్లులో గేమ్ సెంటర్ ఉండేదండి. గంటకింత అని తీసుకుని పిల్లల్ని ఆడించేవాళ్లం. తర్వాత సెంటర్ తీసేసి రిపేర్లలోకి వచ్చేశాను. భీమవరం, నరసాపురం నుంచీ, గోదావరి అవతల మీ రాజోలు, మలికిపురం వైపు నుంచీ నా బల్ల మీదికి మిషన్లు వస్తుంటాయి. లావువి, సన్నవి పక్కపక్కన విప్పి చూస్తుంటాను కాబట్టి, స్లిమ్ అనేది అందం కోసం చేసిన పని కాదని గట్టిగా చెప్పగలను.

కన్సోల్ కొత్తగా వచ్చినప్పుడు లోపలి చిప్పు పెద్దది. కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడి ఎక్కువ కక్కుతుంది. ఆ వేడి లాగడానికి పెద్ద హీట్ సింకూ (వేడిని పీల్చే లోహపు రేకుల దిమ్మ) పెద్ద ఫ్యానూ కావాలి, ఆ కరెంటు ఇవ్వడానికి పెద్ద పవర్ సప్లై కావాలి. డబ్బా లావంతా అక్కడే. మూడు నాలుగేళ్లు గడిచేసరికి అదే చిప్పుని ఇంకా చిన్నగా తయారుచేసే పద్ధతి ఫ్యాక్టరీలకి వచ్చేస్తుంది. ఫోన్ల విషయంలో అయితే ఆ లాభాన్ని స్పీడు పెంచడానికి వాడేస్తారు. కన్సోల్‌కి అలా కుదరదు. ఏడేళ్ల కింద కొన్నవాడికీ నిన్న కొన్నవాడికీ ఒకే డిస్కు ఒకేలా ఆడాలి. అందుకని స్పీడు అక్కడే ఉంచి, మిగిలిన లాభమంతా వేడి తగ్గడం మీదికి మళ్లిస్తారు. వేడి తగ్గితే హీట్ సింకు చిన్నదవుతుంది, పవర్ సప్లై చిన్నదవుతుంది, డబ్బా సన్నబడుతుంది. ఒక్కో సిలికాన్ పలకలోంచి ఎక్కువ చిప్పులు వస్తాయి, ఒక్కో కంటైనర్‌లో ఎక్కువ డబ్బాలు పడతాయి. రేటు తగ్గించే వీలు కూడా అక్కడినుంచే వస్తుంది.

పీఎస్3ని చూడండి. 2006లో అమెరికాలో 499, 599 డాలర్లకి వచ్చింది. అప్పుడు అందులోని సెల్ అనే ప్రాసెసర్ 90 నానోమీటర్ల పద్ధతిలో చేసింది (ఈ అంకె తగ్గేకొద్దీ చిప్పు చిన్నదవుతుంది). 2009లో స్లిమ్ వచ్చేసరికి అదే ప్రాసెసర్ 45 నానోమీటర్లకి దిగింది, కరెంటు వాడకం మూడో వంతు తగ్గింది, రేటు 299 డాలర్లయింది. ఎక్స్‌బాక్స్ 360 కథ ఇంకా గట్టిది. 2005లో వచ్చిన మోడల్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్పు వేరువేరు. ముందువైపు ఎర్ర లైట్లు వెలిగి ఆగిపోయే సమస్య ఎంత పెద్దదయిందంటే, 2007లో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకి పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకి పైగా పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. 2010లో వచ్చిన స్లిమ్‌లో ఆ రెండూ ఒకే 45 నానోమీటర్ల చిప్పులో కలిశాయి. వేడి పుట్టే చోట్లు రెండు ఉండేవి కాస్తా ఒకటయింది.

ఇది మన ప్రాంతంలో మరీ ముఖ్యం అంటాను. చల్లటి దేశాల్లో ఫ్యాను మోత తగ్గిందనో, టీవీ కింద అరలో చక్కగా పట్టిందనో మురిసిపోతారు. మన డెల్టాలో మే నెల మధ్యాహ్నం గదిలో గాలే వేడి, దానికి తోడు ఉక్క. సముద్రం దగ్గరున్న ఊళ్లలో ఆ గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. అంతర్వేది వైపు నుంచి వచ్చిన మిషన్ విప్పితే టీవీ తీగ పెట్టే హెచ్‌డీఎంఐ పోర్టు చుట్టూ రాగి మీద పచ్చటి చిలుం కనిపిస్తుంది. వోల్టేజీ సంగతి మీకు చెప్పనక్కర్లేదు, చేపలు, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ తిరిగే రాత్రుల్లో లైట్లు ఎలా గుడ్డిగా వెలుగుతాయో మీకూ తెలుసు. ఇలాంటి చోట తక్కువ కరెంటు తిని తక్కువ వేడెక్కే మిషన్ ఎక్కువ కాలం బతుకుతుంది. పీఎస్4 మొదటి మోడల్ మీద గరిష్ఠంగా 250 వాట్లు అని రాసి ఉంటుంది, 2016 సెప్టెంబరులో వచ్చిన స్లిమ్ మీద 165 వాట్లు. చిప్పు 28 నానోమీటర్ల నుంచి 16కి దిగడం వల్ల వచ్చిన తేడా అది. ఇన్వర్టర్ మీద ఆడేవాళ్లకి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

అయితే స్లిమ్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి తీసేస్తారు. కొనేవాళ్లు చూడనిది ఇదే, నేను మొదట చూసేదీ ఇదే. 1993లో సెగా జెనెసిస్ అనే కన్సోల్ రెండో మోడల్ వచ్చినప్పుడు ముందున్న హెడ్‌ఫోన్ పిన్నూ, వాల్యూమ్ మీటా పోయాయి. 2004లో పీఎస్2 స్లిమ్ వచ్చింది. 7.8 సెంటీమీటర్ల మందం కాస్తా 2.8 అయింది, నెట్‌వర్క్ పోర్టు లోపలే వచ్చింది, కానీ వెనక హార్డ్ డిస్క్ పెట్టుకునే అర లేకుండా పోయింది. పీఎస్3 మొదటి మోడళ్లలో పీఎస్2 డిస్కులు ఆడేవి. స్లిమ్ రాకముందే ఆ సౌకర్యం పోయింది, స్లిమ్‌తో లినక్స్ (కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకునే వీలు కూడా పోయింది. ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌లో బయట ఇటుకలా ఉండే పవర్ సప్లై లోపలికి వెళ్లి డబ్బా 40 శాతం చిన్నదయింది, అది నిజంగా గొప్ప పని. కానీ తర్వాత కినెక్ట్ కెమెరాకి విడిగా అడాప్టర్ కావాల్సి వచ్చింది. పీఎస్4 స్లిమ్‌లో ఆప్టికల్ ఆడియో పోర్టు తీసేశారు. పాత హోమ్ థియేటర్‌కి ఆ తీగ పెట్టుకున్నవాళ్లు ఇల్లు చేరాక గానీ చూసుకోరు. పీఎస్5లో కూడా అది లేదు. మీకు అలాంటి సెట్టు ఉంటే టీవీ వెనక ఆప్టికల్ అవుట్ ఉందేమో చూసుకోండి, అక్కడినుంచి తీసుకుంటే సరిపోతుంది.

మా సెంటర్‌లో పీఎస్2లు లావువీ సన్నవీ రెండు రకాలూ ఉండేవి. లావు వాటిలో ట్రే బయటికొచ్చి డిస్కు తీసుకుంటుంది, స్లిమ్‌లో మూత పైకి లేపాలి. ట్రే పాడయ్యే బాధ స్లిమ్‌తో తప్పింది. కానీ పిల్లలు మూత తెరిచినప్పుడల్లా లెన్స్ బయటపడేది, దాని మీద దుమ్ము కూర్చునేది. ఇంకోటి, ఆ స్లిమ్ సన్నబడటంలో సగం కిటుకు పవర్ సప్లై బయటికి వెళ్లడమే. 8.5 వోల్టుల అడాప్టర్ అది. అసలుది పోతే బజార్లో దొరికే ఊరూపేరూ లేని అడాప్టర్ తెచ్చి పెట్టేవాళ్లు, బోర్డు కాలిపోయేది. 2007, 2008లలో వచ్చిన చివరి సిరీస్‌లో మళ్లీ పవర్ సప్లైని లోపలికే తెచ్చారు, అది కూడా ఆ సన్నటి డబ్బాలోనే. నా చేతిలో పడ్డ కన్సోళ్లన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది అదే. ఇరవై నాలుగు గంటలూ ఆడించినా పైన చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండేదంతే.

ఇప్పుడు మీ పీఎస్4 సంగతి. అది ఆగిపోవడానికి అసలు కారణం లావుగా ఉండటం కాదు, మురికి. మీ వైపు నుంచి వచ్చే మిషన్లలో నేను ఎప్పుడూ చూసేది చెబుతాను. మూత తీస్తే ఫ్యాను రెక్కల అంచుల మీద బూడిద రంగు దుమ్ము మందంగా పేరుకుని ఉంటుంది. పీచు మిల్లు దగ్గరి ఇల్లయితే అందులో కొబ్బరి పొట్టు ఎర్రగా కలిసి ఉంటుంది, దేవుడి గది పక్కనయితే అగరబత్తి జిడ్డు. ఫ్యాను తీసి హీట్ సింకు రేకుల మధ్యకి టార్చి వేస్తే వెలుతురు అవతలికి పోదు, గాలి ఇంకెలా పోతుంది? ఆ కింద చిప్పు మీద పేస్టు ఎండిపోయి సున్నంలా రాలుతుంటుంది. బ్రష్షుతో, బ్లోయర్‌తో దుమ్ము తీసేసి, చిప్పుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్త పేస్టు పెడితే చాలా వాటికి హోరు తగ్గిపోతుంది. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకోమనండి, ఊరికే గిర్రున తిప్పితే పాడవుతుంది. బల్లి గుడ్లు, చీమల పుట్ట కూడా ఒకసారి చూడమని చెప్పండి, పవర్ సప్లైలో వెచ్చగా ఉంటుందని అక్కడే చేరతాయి.

దాంతోపాటు స్టెబిలైజర్ పెట్టుకోండి. ఉరుములూ మెరుపులూ మొదలైతే ప్లగ్గు తీస్తే సరిపోదు, హెచ్‌డీఎంఐ తీగ, ఇంటర్నెట్ తీగ కూడా పీకేయండి. పిడుగు పడ్డప్పుడు కేబుల్ టీవీ వైరు గుండా సెట్‌టాప్ బాక్సుకీ, అక్కడినుంచి టీవీకీ, టీవీలోంచి కన్సోల్‌కీ వచ్చి హెచ్‌డీఎంఐ చిప్పుని కాల్చేస్తుంది. తొలకరి వానలప్పుడు నా దగ్గరికి ఎక్కువగా వచ్చే రిపేరు ఇదే.

పీఎస్4 స్లిమ్ ఎందుకు వద్దన్నానంటే, ఇప్పుడు దొరికేవి దాదాపు అన్నీ వాడేసినవే. అందులోనూ ఇదే దుమ్ము, ఇదే ఎండిన పేస్టు ఉంటాయి. ఆడేది కూడా మీ మిషన్ ఆడినంతే. ఉన్నదాన్ని తక్కువకి అమ్మి, అలాంటి దాన్నే ఎక్కువకి కొన్నట్టవుతుంది.

పీఎస్5 స్లిమ్ అయితే లెక్క వేరు. మన దేశంలో 2024 ఏప్రిల్‌లో వచ్చింది, డిస్కు మోడల్ 54,990, డిస్కు డ్రైవు లేని డిజిటల్ మోడల్ 44,990 రూపాయలకి. పాతదాని మీద సైజు 30 శాతానికి పైగా తగ్గింది, బరువు 4.5 కిలోల నుంచి 3.2 కిలోలకి దిగింది, 825 జీబీ స్టోరేజీ ఒక టీబీ అయింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. చిప్పు 7 నానోమీటర్ల నుంచి 6కి దిగింది స్లిమ్‌తో కాదు, అంతకుముందే 2022లో పాత లావు డబ్బాలోనే దిగింది. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో లావు పీఎస్5 చవగ్గా వస్తుంటే వెనక మోడల్ నంబరు చూడండి. సీఎఫ్‌ఐ-12తో మొదలయ్యే నంబరు అయితే వేడి విషయంలో స్లిమ్‌కి పెద్దగా తీసిపోదు. ఇలాంటి వాటికి సన్నదనం కోసం అదనంగా ఇవ్వక్కర్లేదు.

మీ దగ్గర పీఎస్4 డిస్కులు ఉన్నాయి కాబట్టి డిజిటల్ మోడల్ జోలికి పోకండి, డిస్కు డ్రైవు ఉంటేనే అవి అందులో ఆడతాయి. స్లిమ్‌లో ఆ డ్రైవుని విడదీయొచ్చు, కానీ మొదటిసారి తగిలించినప్పుడు ఇంటర్నెట్ కావాలి. నిలువుగా నిలబెట్టే స్టాండు విడిగా కొనుక్కోవాలి, అడ్డంగా పెట్టుకుంటే అది అక్కర్లేదు. చుట్టూ జానెడు ఖాళీ వదలండి, గాజు తలుపుల అలమరలో పెట్టకండి. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను: పీఎస్5లో చిప్పు మీద ఉండేది మామూలు పేస్టు కాదు, లిక్విడ్ మెటల్. పక్కకి కారితే బోర్డు షార్ట్ అవుతుంది. పైపలకలు తీసి దుమ్ము పీల్చుకోవచ్చు గానీ, హీట్ సింకు వరకూ విప్పే పని ఇంట్లో పెట్టుకోవద్దు.

మీ పీఎస్4 వెనక సీయూహెచ్ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. అది 1000, 1100, 1200లలో ఏదో కింద కామెంట్‌లో రాయండి. విప్పే పద్ధతి సిరీస్‌ని బట్టి కొంచెం మారుతుంది, మీ ఊళ్లో మెకానిక్‌కి ఏం చెప్పాలో దాన్ని చూసి రాస్తాను.